ఎంత గ్యాసుంది నాన్నా?

మా నాన్న ఐస్ ఫ్యాక్టరీలో ఆపరేటర్. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువులున్న ఊళ్లలో ఐస్ ఫ్యాక్టరీ హడావుడి ఎలా ఉంటుందో తెలిసిందే. పట్టుబడి రోజైతే గేటు ముందు లారీలు బారులు తీరతాయి. ఫ్యాక్టరీ వెనకాలే మాకు రెండు గదుల ఇల్లిచ్చారు. రాత్రిళ్లు కంప్రెసర్ చప్పుడు ఆగిపోతేనే మాకు మెలకువ వచ్చేది. అప్పుడప్పుడూ అమోనియా ఘాటు ముక్కుకి తగిలేది. "ఈ వాసనకి జలుబు రాదులే" అనేవారు నాన్న.

నేను ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా ఒక రాత్రి చప్పుడు ఆగింది. వెంటనే నాన్న కేక. కంప్రెసర్ దగ్గర ఏదో సీలు పోయి గ్యాసు బయటికొచ్చేసింది. అమ్మ నన్నూ తమ్ముణ్నీ లాక్కుని రోడ్డు వైపు పరిగెత్తింది. రోడ్డు కాలవగట్టు వైపుంది. గాలి కూడా అటే ఉంది. అంటే గ్యాసుతో పాటే మేమూ పరిగెత్తామన్నమాట! తమ్ముడు కళ్లు తెరవలేక ఒకటే ఏడుపు. ఎవరో పంపు కింద కూర్చోబెట్టి చాలాసేపు నీళ్లు పోశారు. నాన్న తడి తువ్వాలు మొహానికి చుట్టుకుని లోపలికెళ్లి వాల్వు కట్టేశారు.

ఫైరింజన్ వచ్చింది. దిగినాయన అడిగిన మొదటి మాట నాకిప్పటికీ గుర్తే: "లోపల ఎంత గ్యాసుంది?" ఎవ్వరూ జవాబు చెప్పలేదు. నాన్నకి వాల్వులు తెలుసు, ఒత్తిడి తెలుసు, మొత్తం లెక్క మాత్రం తెలీదు. ఓనరు గారు తిరుపతిలో ఉన్నారు, ఫోను ఎత్తలేదు. ఆ రాత్రి గ్యాసు తక్కువే పోయింది కాబట్టి బతికిపోయాం.

బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో ఉద్యోగమొచ్చింది. అమెరికా క్లయింటు, ప్రమాదకర రసాయనాలు నిల్వ చేసే వ్యాపారాల రిపోర్టింగ్ సాఫ్ట్‌వేర్. మొదట్లో నీరసం వచ్చింది. టీమ్‌లో అందరూ ఏఐ అంటుంటే నాకు ఫారాలు నింపించే పనా అని! ఆ ఫారం పేరు టియర్ టూ. ఏటా మార్చి 1లోగా అంతకుముందు ఏడాది లెక్క ఇవ్వాలి. అందుకే శివరాత్రి జాగారం మాకు తరచూ ఆఫీసులోనే.

ఒకరోజు వ్యాలిడేషన్ రాస్తూ ఫీల్డులు చదువుతున్నాను. రసాయనం పేరు, ఒకేసారి గరిష్ఠంగా ఎంత ఉంటుంది, సగటున రోజుకెంత, ఏడాదిలో ఎన్ని రోజులుంటుంది, ఏ రకం ట్యాంకులో, ఆవరణలో ఎక్కడ. కాపీలు మూడు చోట్లకి వెళ్లాలి: రాష్ట్ర కమిషన్‌కి, స్థానిక అత్యవసర ప్రణాళిక కమిటీకి, దగ్గర్లోని ఫైర్ స్టేషన్‌కి. నా చెయ్యి కీబోర్డు మీద ఆగిపోయింది. ఫైరింజనాయన ప్రశ్నకి జవాబు రాసే గడి అది.

ఆ చట్టం పుట్టిన కథ చదివితే ఇంకా ఆశ్చర్యం. 1984 డిసెంబరులో భోపాల్. మరుసటి ఆగస్టులో అదే కంపెనీకి వెస్ట్ వర్జీనియాలో ఉన్న ప్లాంటులో లీకై వందమందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. 1986లో అమెరికా ఈ చట్టం చేసింది. మనమూ అదే ఏడాది పర్యావరణ పరిరక్షణ చట్టం చేసుకున్నాం, దాని కింద 1989లో ప్రమాదకర రసాయనాల రూల్స్ వచ్చాయి. వాటిలో ఫ్యాక్టరీ లోపలికి ఒక ప్లాను, బయట ఊరికి ఇంకో ప్లాను ఉండాలని ఉంది. ప్రమాదం జరిగితే ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో చుట్టుపక్కలవాళ్లకి ముందే చెప్పాలని కూడా ఉంది. చక్కగా రాశారు. కాకపోతే అమెరికాలో అమోనియా 500 పౌండ్లుంటే, అంటే సుమారు 227 కిలోలకే, ఫారం కట్టాలి. మన 1989 రూల్స్‌లో అమోనియాకి గీత పదుల టన్నుల దగ్గరుంది. చిన్న ఐస్ ఫ్యాక్టరీలు దాని కిందే ఉండిపోతాయి.

అలాగని ఫారం ఉంటే చాలదు. 2013 ఏప్రిల్‌లో టెక్సస్‌లోని వెస్ట్ అనే ఊళ్లో ఎరువుల గోదాము అంటుకుని పేలింది. 15 మంది పోయారు, అందులో 12 మంది మంటలార్పడానికి, సాయానికి వెళ్లినవాళ్లే. అమ్మోనియం నైట్రేట్ ఉందని ఆ కంపెనీ టియర్ టూలో రాసిచ్చింది. కాయితం ఉంది, కానీ అది పేలుతుందన్న సంగతి మంట దగ్గరికెళ్లినవాళ్లకి సరిగా తెలీదు. మా లీడ్ ఒకసారి "ట్యాంకు ఎక్కడుందో రాసే గడి తప్పనిసరి కాకుండా చేసేద్దాం, కస్టమర్లు విసుక్కుంటున్నారు" అన్నాడు. నేను గంటసేపు గొడవపడ్డాను. అందరూ వింతగా చూశారు. తమ్ముడి కళ్ల సంగతి వాళ్లకి చెప్పలేదు.

పోయిన సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు అడిగేశాను, "ఎంత గ్యాసుంది నాన్నా?" అని.

"ఏమ్మా, నువ్వు కూడా ఫైరింజన్‌లో చేరావా?" అని నవ్వారు. తర్వాత ఇద్దరం కూర్చుని ఆయన గ్యాసు ఎక్కించినప్పుడల్లా రాసుకున్న పాత డైరీలు తీశాం. సిలిండర్లు లెక్కేసి, పోయినదంతా తీసేస్తే 1200 కిలోల దాకా తేలింది. నాన్న కాసేపు మాట్లాడలేదు. "ఇంతా!" అన్నారు.

తెలుగులో ఒక పేజీ టైపు చేశాను. ఏ గ్యాసు, ఎంత, ట్యాంకు ఎక్కడ, మెయిన్ వాల్వు ఎక్కడ, గాలి వెంట కాకుండా గాలికి అడ్డంగా పరిగెత్తాలి, కళ్లు నీళ్లతో కడగాలి. కింద నాన్న ఫోన్ నెంబరు. నాన్న దాన్ని ఓనరు గారికి చూపించారు. "ఇది గోడకి అంటించావంటే రేపు ఊరంతా వచ్చి ఫ్యాక్టరీ ఎత్తేయమంటారయ్యా" అన్నారట. ఆ మాటా పూర్తిగా తప్పనలేను. ఆ ఫ్యాక్టరీ మీద ఇరవై ఇళ్లు బతుకుతున్నాయి, అందులో మాదొకటి.

అమ్మకి కోపమొచ్చింది. "ఇంకో రెండేళ్లలో రిటైరయ్యే మనిషి ఉద్యోగం ఊడగొడతావా?" అంది. నేను పేజీ మడిచి బ్యాగులో పెట్టేసుకున్నాను.

హైదరాబాద్ వచ్చిన వారానికి నాన్న ఫోను. ఇంకో కాపీ ఆయన దగ్గరే ఉంచుకున్నారట. వీక్లీ ఆఫ్ రోజున మోపెడ్ మీద ఫైర్ స్టేషన్‌కి వెళ్లి ఇచ్చారట. అక్కడి ఆఫీసరు రెండుసార్లు చదివి, టేబుల్ అద్దం కింద పెట్టుకున్నాడట.

"మిగతా ఫ్యాక్టరీలవి కూడా ఉంటే బాగుండునండీ అన్నాడమ్మా. అక్కడి ఆపరేటర్లంతా నాకు తెలిసినోళ్లే. నువ్వు ఆ కాయితం పేర్లు లేకుండా ఖాళీగా ఓ నాలుగు పంపు. అమ్మకి చెప్పకు."