తిరుగు ప్రయాణానికి ముందు : గుప్త క్షయ గురించి కొన్ని మాటలు

విదేశాలకు చదువుకోవడానికి పిల్లలను పంపేటప్పుడు మన ఇళ్ళలో ఎంత హడావుడి జరుగుతుందో మీకు తెలుసు. పచ్చళ్ళు, పొడులు, ప్రెషర్ కుక్కరు, టీకాల కాగితాలు, ఆరు నెలలకు సరిపడే మందులు అన్నీ జాబితా వ్రాసుకొని మరీ పెట్టెలలో సర్దుతాము. ఆ జాగ్రత్తలో పదవ వంతైనా వారు తిరిగి వచ్చేటప్పుడు ఉండదు. చదువు పూర్తయింది, పట్టా చేతికి వచ్చింది, ఇక భయమేమిటని అందరికీ ధీమా. ఆరోగ్యం విషయంలో ఏమరుపాటు ఎక్కువగా కలిగేది ఆ చివరి వారాలలోనే. అందుకు ఒక ఉదాహరణ మా ఇంటిలోనే ఉంది. ఇది చదివి మరి నలుగురు జాగ్రత్తపడితే మంచిదేనని మా మనవరాలు అనుమతించింది కనుక వ్రాస్తున్నాను.

ఆమె ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటీలో ఎమ్మెస్ చదివింది. స్నాతకోత్సవానికి నేను వెళ్ళాను. ఎఫ్–1 వీసాపై చదివినవారికి చదువు ముగిసిన తరువాత 60 రోజుల గడువు ఉంటుంది. ఆలోగా ఉద్యోగానుమతికి దరఖాస్తు చేసుకోవాలి, లేక మరొక చదువులో చేరాలి, లేదా దేశం విడిచి వెళ్ళాలి. హైదరాబాదులో ఉద్యోగం ఖాయం కావడంతో మనవరాలు తిరిగి రావడానికే నిశ్చయించుకుంది. ఇల్లు ఖాళీ చేసి, దారిలో కొలంబస్‌లోని మేనమామను, పిట్స్‌బర్గు దగ్గరి పెన్‌హిల్స్ వేంకటేశ్వరస్వామిని చూసుకొని, చివరకు న్యూజెర్సీలో ఎడిసన్ చేరాలనేది మా ఆలోచన. ఎడిసన్‌లో మా పెద్ద మనవడు కాపురముంటున్నాడు. వాడికి మూడు నెలల కొడుకు. నేను అంత దూరం వెళ్ళడానికి సగం కారణం ఆ మునిమనవడే.

ఇల్లు ఖాళీ చేయడం

ముగ్గురమ్మాయిలు రెండేళ్ళు కలిసి ఉన్న ఇల్లు అది. ఖాళీ చేయడమంటే ఏమిటో చూస్తే కాని తెలియదు. గోడకు కొట్టిన మేకుల గుంతలు పూడ్చాలి, పొయ్యి జిడ్డు వదలగొట్టాలి, లేకపోతే ముందు కట్టిన డిపాజిట్టులో కోత పడుతుంది. బియ్యం డబ్బా, కుక్కరు, దోసెల పెనం, శీతకాలపు కోటు తరువాతి బ్యాచి పిల్లలు పట్టుకుపోయారు. పరుపులు, బల్లలు ముగ్గురు నలుగురు పట్టుకొని మెట్లు దింపారు. నడుము వంచకుండా మోకాళ్ళు వంచి, బరువును ఒంటికి దగ్గరగా పట్టుకొని లేవాలని నేను చెబుతూనే ఉన్నాను. పాతికేళ్ళవారికి కూడా వెన్నెముక డిస్కులు జారుతాయి.

ఈ పనులన్నీ రాత్రులు మేలుకొనే చేస్తారు. తెల్లవారగానే అద్దెకారు తీసుకొని బంధువుల ఊరికి బయలుదేరుతారు. ఇది చాలా ప్రమాదకరం. 17 గంటలు నిద్ర లేకుండా ఉన్నవారి చురుకుదనం రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవారితో సమానంగా మందగిస్తుందని, 24 గంటలయితే అది 0.10 శాతంతో సమానమని పరిశోధనలలో తేలింది. అమెరికాలో అత్యధిక రాష్ట్రాలలో వాహనం నడిపేవారికి చట్టపు హద్దు 0.08. మన దేశంలో 0.03. కాఫీ ఆ లోటును తీర్చలేదు. అందుచేత తాళాలు అప్పగించిన రోజున బయలుదేరవద్దని, స్నేహితుల ఇంటిలో ఒక రాత్రి పూర్తిగా నిద్రపోయి మరునాడు కదలాలని మేము ముందే నిర్ణయించుకున్నాము. మధ్యాహ్నానికి వంట చేయించిన మేనమామకు కొంచెం కోపం వచ్చింది. అది సాయంత్రానికి తగ్గే కోపమే!

సొరుగులో సీసా

ఇక అసలు విషయానికి వస్తాను. బయలుదేరడానికి పది రోజుల ముందు మనవరాలు, “ఎడిసన్‌కు నేను రాను తాతయ్యా. మిమ్మల్ని అన్నయ్య వచ్చి తీసుకువెళతాడు. నేను ఇక్కడినుంచే విమానమెక్కుతాను” అన్నది. అన్నతో కలిసి పెరిగిన పిల్ల, వదిన సీమంతం వీడియోలో చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్న పిల్ల, ఆ పసివాడిని చూడకుండా వెళతానంటే నాకు బోధపడలేదు. గుచ్చి అడగలేదు.

మరునాడు ఆమె బల్ల సొరుగులు ఖాళీ చేస్తూ ఉంటే పుస్తకాల వెనుక మందుసీసా ఒకటి కనిపించింది. అందులో ముదురు ఎరుపు క్యాప్సూళ్ళు. పైన రిఫాంపిన్ అని పేరు, రోజుకు రెండు చొప్పున వాడాలని సూచన ఉన్నాయి. మన దేశంలో దీనినే రిఫాంపిసిన్ అంటాము. సీసా దాదాపు నిండుగా ఉంది.

ఆమె మంచం పట్టె మీద కూర్చొని నెమ్మదిగా చెప్పింది. విశ్వవిద్యాలయంలో చేరినప్పుడు క్షయకు రక్తపరీక్ష చేశారు. క్షయ ఎక్కువగా ఉన్న దేశాలనుంచి వచ్చే విద్యార్థులకు అమెరికాలోని పెక్కు విశ్వవిద్యాలయాలు ఆ పరీక్ష చేయిస్తాయి. ఆమె ఫలితం పాజిటివ్ వచ్చింది. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు బాగున్నాయి. నాలుగు నెలలు మందు తీసుకోమన్నారు. చదువు ఒత్తిడిలో వాయిదా వేస్తూ చివరకు జనవరిలో మొదలుపెట్టి, మార్చిలో మానేసింది. రిఫాంపిసిన్ వలన మూత్రం, చెమట, కన్నీరు నారింజ రంగుకు తిరుగుతాయి. అది హాని కాదు, మందు ఒంటికి పడుతున్నదనడానికి గుర్తు మాత్రమే. కాని స్నానాల గదిలో ఆ రంగు చూసి తోటి అమ్మాయి, “ఏమైంది నీకు?” అని అడిగిందట. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేక మందు మానుకుంది. అమ్మానాన్నలకు చెప్పలేదు. తాత వైద్యుడైనా నాకూ చెప్పలేదు.

“క్షయ అని తెలిస్తే పెళ్ళి సంబంధాలు వస్తాయా తాతయ్యా? ఆ చంటివాడిని నేనెలా ఎత్తుకోను?” అన్నది.

గుప్త క్షయ అంటే ఏమిటి?

ఈ ప్రశ్న ఆమె ఒక్కతెదే కాదు కనుక మీకు కూడా వివరంగా చెబుతాను. క్షయక్రిములు శ్వాసతో ఊపిరితిత్తులలోనికి చేరినప్పుడు చాలామందిలో శరీర రక్షణకణాలు వాటి చుట్టూ చేరి, గోడ కట్టినట్లు బంధించివేస్తాయి. క్రిములు చావవు, వృద్ధి పొందవు, నిద్రాణంగా ఉండిపోతాయి. ఇదే గుప్త క్షయ. ఈ స్థితిలో దగ్గు ఉండదు, జ్వరం ఉండదు, బరువు తగ్గదు. కఫంలో క్రిములు ఉండవు. అందుచేత వీరి వలన మరొకరికి క్షయ సోకదు. పసిపిల్లలను ఎత్తుకోవచ్చు, ముద్దాడవచ్చు, ఒకే కంచంలో తినవచ్చు. ప్రపంచ జనాభాలో సుమారు నాలుగవ వంతుకు ఎప్పుడో ఒకప్పుడు ఈ క్రిములు సోకాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ప్రపంచంలో ఏటా కొత్తగా క్షయ సోకి జబ్బుపడేవారిలో నాలుగవ వంతు మన దేశంలోనే ఉన్నారు. అలాంటప్పుడు మన బస్సులలో, తరగతిగదులలో, సినిమాహాళ్ళలో పెరిగిన పిల్లకు పరీక్ష పాజిటివ్ రావడంలో వింత లేదు, సిగ్గుపడవలసినది అంతకన్నా లేదు.

“పుట్టగానే బి.సి.జి. టీకా వేశారు కదా, అందువలన పరీక్ష తప్పుగా పాజిటివ్ వచ్చి ఉండవచ్చు కదా?” అని కొందరు అడుగుతారు. చర్మంలో సూదిమందు పొడిచి చేసే పాత పరీక్ష విషయంలో ఆ సందేహం సమంజసమే. ‘ఇగ్రా’ అనే రక్తపరీక్ష ఫలితాన్ని బి.సి.జి. మార్చదు.

మరి జబ్బే లేనప్పుడు మందు ఎందుకు? చికిత్స చేయకపోతే గుప్త క్షయ ఉన్నవారిలో 5 నుంచి 10 శాతం మందిలో జీవితంలో ఎప్పుడో ఆ క్రిములు నిద్రలేచి వ్యాధి కలిగిస్తాయి. క్రిములు సోకిన తొలి రెండేళ్ళలో ఆ అవకాశం ఎక్కువ. మధుమేహం, మూత్రపిండాల వైఫల్యం, ఎయిడ్స్ ఉన్నవారిలో, స్టీరాయిడ్లు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారిలో మరింత ఎక్కువ. అప్పుడు మాత్రం దగ్గుతో ఇతరులకు అంటుకుంటుంది. అంటే ఆ చంటివాడికి నేడు మా మనవరాలి వలన ప్రమాదం లేదు. మందు పూర్తి చేస్తే ఇక ముందు ఏ చంటివాడికైనా ఆ ప్రమాదం కలిగే అవకాశం చాలా తగ్గిపోతుంది.

ఆమెకు నేనొక పాత కథ కూడా చెప్పాను. నా చిన్నతనంలో క్షయ అంటే ఇంటి వెనుక వేరు గది, వేరు కంచం. స్తోమత ఉన్నవారు మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానటోరియంకు పోయేవారు. 1956లో మద్రాసులో ఒక పరిశోధన మొదలుపెట్టారు. నగరంలోని పేద రోగులను రెండు జట్లు చేసి, సగం మందిని శానటోరియంలో ఉంచారు, సగం మందికి ఇరుకిళ్ళలోనే ఉంచి మందులిచ్చారు. 1959లో ఫలితాలు వెలువడ్డాయి. ఇంటిలో చికిత్స పొందినవారు కూడా దాదాపు అంత బాగానూ కోలుకున్నారు. తరువాత గమనిస్తే, వారి ఇంటిలోనివారికి అదనంగా క్షయ సోకలేదు. చికిత్స మొదలైన రోగితో ఒకే కప్పు క్రింద ఉండవచ్చని ప్రపంచానికి చూపినది మన పక్క నగరమే. ఆ రోగులది నిజమైన క్షయవ్యాధి. మా మనవరాలికి ఆ వ్యాధే లేదు.

ఉన్న పది రోజులలో

నేను సలహా ఇచ్చాను కాని మందుచీటీ వ్రాయలేదు. ఆ దేశంలో నాకు ఆ అధికారం లేదు, తాత వైద్యం చేయడం మంచిది కూడా కాదు. విద్యార్థి ఆరోగ్యబీమా ఆ నెలాఖరుతో ముగుస్తుంది. మరునాడే ఇద్దరము విశ్వవిద్యాలయ ఆరోగ్యకేంద్రానికి వెళ్ళాము. తిడతారేమోనని ఆమె భయపడింది. ఎవరూ తిట్టలేదు. దగ్గు, జ్వరం, బరువు గురించి ప్రశ్నలడిగి, మళ్ళీ ఎక్స్‌రే తీసి, కాలేయ పరీక్షలు చేశారు. నాలుగు నెలల రిఫాంపిసిన్ చికిత్సలో 120 రోజుల మోతాదులను 6 నెలలలోగా పూర్తిచేయాలి. మధ్యలో మూడు నెలలు గడిచిపోయాయి కనుక మొదటినుంచి ప్రారంభించమన్నారు. రక్తపరీక్ష ఫలితం, రెండు ఎక్స్‌రేల నివేదికలు, మందు వాడిన తేదీలు ముద్రించి ఇచ్చారు. ఆ కాగితాలు పాస్‌పోర్టుతో పాటు చేతిసంచిలోకి చేరాయి.

తరువాత కొలంబస్‌లో మేనమామ ఇంట విందు, పెన్‌హిల్స్‌లో దర్శనం, పులిహోర ప్రసాదం అన్నీ సక్రమంగానే జరిగాయి. ఎడిసన్‌లో గుమ్మం దాటగానే ఆమె తానే వదినకు విషయం చెప్పింది. ఆ అమ్మాయి నా వంక చూసింది. నేను తల ఊపాను. “అయితే వీడిని కాసేపు పట్టుకో, నేను స్నానం చేసి వస్తాను” అని పిల్లవాడిని చేతిలో పెట్టి వెళ్ళింది. ఏ వైద్యుడూ వ్రాయలేని మందు అది. మూడు రోజులు వాడు మేనత్త భుజం దిగలేదు.

మీకు నా మనవి

విదేశంనుంచి తిరిగి వచ్చే విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు నేను చెప్పదలచుకున్నది ఇది. బీమా ముగిసే తేదీ ముందే తెలుసుకొని ఆలోగా వైద్యుని ఒకసారి కలవండి. టీకాల వివరాలు, పరీక్షాఫలితాలు కాగితాల రూపంలో తీసుకోండి. విశ్వవిద్యాలయపు ఖాతా కొంతకాలానికి తెరుచుకోకపోవచ్చు. సగంలో ఆపిన మందు ఏదైనా ఉంటే దాచకండి, మీరుగా తిరిగి మొదలుపెట్టకండి, వైద్యునికి చూపండి. రిఫాంపిసిన్ గర్భనిరోధక మాత్రల శక్తిని, మరికొన్ని మందుల శక్తిని తగ్గిస్తుంది కనుక వాడుతున్న మందులన్నీ చెప్పాలి. ఆకలి మందగించినా, వాంతులైనా, కళ్ళు పచ్చబడినా మందు ఆపి వెంటనే వైద్యుని చూడాలి. రెండు వారాలు మించిన దగ్గు, సాయంకాలపు జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, కఫంలో రక్తం కనిపిస్తే అది గుప్త క్షయ అనుకోకుండా కఫపరీక్ష చేయించుకోవాలి. మన ప్రభుత్వ ఆసుపత్రులలో క్షయకు పరీక్షలు, మందులు ఉచితం.

తల్లిదండ్రులకు మరొక మాట. పిల్లలు విమానం దిగగానే చిక్కావనో, లావెక్కావనో అంటాము. ఆ మాట కాస్త ఆపి, రెండు రోజులు నిద్రపోనిచ్చి, “అక్కడ ఎప్పుడైనా వైద్యుడి దగ్గరకు వెళ్ళావా? ఎందుకు వెళ్ళావు?” అని తీరికగా అడగండి. చెప్పిన తరువాత పెళ్ళి సంబంధాల ప్రస్తావన తేకండి. పిల్లలు జబ్బులు దాచేది జబ్బుకు భయపడి కాదు, మనకు భయపడి.

మా మనవరాలు హైదరాబాదులో ఒక వైద్యుని పర్యవేక్షణలో నాలుగు నెలల మందు పూర్తిచేసింది. చికిత్స ముగిసినట్లు ఆయన వ్రాసి ఇచ్చిన కాగితాన్ని భద్రపరచుకోమని చెప్పాను. చికిత్స తరువాత కూడా రక్తపరీక్ష పాజిటివ్‌గానే ఉండిపోవచ్చు. ఇక ముందు ఏ దేశం వెళ్ళినా, ఏ ఉద్యోగంలో చేరినా ఆమె చూపవలసినది ఆ కాగితమే. మళ్ళీ మళ్ళీ పరీక్షలు, మళ్ళీ మందులు అవసరం లేకుండా అది కాపాడుతుంది. మీ ఇంటిలో అలాంటి కాగితం ఉంటే పట్టా ప్రక్కనే దానిని కూడా దాచండి.