తలమీద గీసిన బట్ట

2014 ఆగస్టులో ఒకరోజు స్టాఫ్‌రూంలో అడుగు పెట్టిన్నో లేదో, "మేడం, మీవాళ్ళమ్మాయికి ఫీల్డ్స్ మెడల్ వచ్చిందట" అన్నడు ఫిజిక్స్ సారు. పదహారేండ్లుగా లెక్కలు చెప్తున్న. ఆ లెక్కలెప్పుడూ నా ఒక్కదానివే. మెడల్ మాత్రం 'మావాళ్ళది' అయింది. ఎక్కడన్న బాంబు పేలిన రోజున గూడా ఆయన చూపు ఇట్లనే నా బల్ల మీదికొస్తది. అయినా దాచుడెందుకు, లోపల సంబరమైంది.

మర్యం మీర్జాఖానీ 1977లో టెహ్రాన్‌లో పుట్టింది. ఆరో తరగతిలో లెక్కల టీచరు ఈ పిల్లకు పెద్దగా ప్రతిభ లేదనుకున్నదట. (తురకపిల్లకు లెక్కలెందుకని నన్నూ అన్నరు.) 1994లో, 1995లో ఒలింపియాడ్ బంగారు పతకాలు. రెండోసారి 42కు 42. 2004లో హార్వర్డ్‌లో పీహెచ్‌డీ, తర్వాత ప్రిన్స్‌టన్, స్టాన్‌ఫర్డ్. 1936లో మొదలైన ఆ మెడల్ అందుకున్న తొలి ఆడమనిషి.

టోపాలజీలో గారె, చెవి ఉన్న చాయ్ కప్పు రెండూ ఒకటే. చింపకుండా సాగదీస్తే ఒకటి ఇంకొకటైతది, చిల్లు మాత్రం పోదు. జామెట్రీ అట్ల సాగనీయదు, పొడవులు కొలుస్తది. మర్యం ఈ రెండూ కలిసే చోట కూచున్నది. రెండు చిల్లులున్న వంకర తలం మీద, తమను తాము దాటుకోకుండా బయల్దేరిన చోటికే వచ్చే బిగువైన దారులెన్ని? పొడవు హద్దు పెంచుకుంటపోతే వాటి సంఖ్య ఆరో ఘాతం లెక్కన పెరుగుతదని తేల్చింది. మూడు చిల్లులైతే పన్నెండో ఘాతం. పెద్ద కాగితాలు నేలమీద పరిచి గీసేది. అమ్మ బొమ్మలేస్తున్నదనుకునేది బిడ్డ అనాహిత.

మెడల్ వచ్చిన్నాడు ఇరాన్‌లో కొన్ని పత్రికలు ఫొటోలో ఆమె జుట్టు కనపడకుండ బట్ట గీసినయి. 2017 జూలైలో, నలభై ఏండ్లకే, రొమ్ము కేన్సర్‌తో పోయింది. అప్పుడు మాత్రం కొన్ని పత్రికలు ఆ తలను ఉన్నదున్నట్టే వేసినయి. తండ్రిది చెక్ దేశం కాబట్టి అనాహితకు ఇరాన్ పౌరసత్వం లేదు. దానిమీద మాట లేచింది. చట్టం 2019లో మారింది. తల్లి పేరుమీద బిడ్డకు దేశం దొరకాలంటే ముందు తల్లి చావాల్నా?

మా మామూ ఫొటో చూసి, "తలమీద బట్ట లేదు, మనపిల్ల ఎట్లయితది బేటీ?" అన్నడు. అక్కడ 'మీవాళ్ళు', ఇక్కడ 'మనవాళ్ళు కాదు'.

ఫొటో బీరువా తలుపుకు అంటించిన. అమ్మీ కళ్ళద్దాలు పెట్టుకొని శానసేపు చూసింది.

"ఏం చదివిందే ఈ పిల్ల?"

"లెక్కలమ్మీ."

"నీలెక్కనేనా?" అన్నది.