చెర్వేతెరి శ్మశానమున ఒక దినము

రోము నగరమునకు పోయినవారు మొట్టమొదట చూచునది కొలోసియము. మేమును చూచితిమి. దానిని గూర్చి వినని సోదరి యుండదు గావున ఇచ్చట వర్ణింపను. నేను చెప్పదలచినది రోమునకు వాయవ్యమున సుమారు 40 కిలోమీటర్ల దూరముననున్న చెర్వేతెరి యను చిన్న యూరి సంగతి. అచ్చట చూడదగినది శ్మశానము. "శ్మశానము చూచుటకు సముద్రములు దాటి పోవలెనా?" అని మా అత్తగారు తరువాత నన్ను పరిహసించిరి.

మావారు ఉన్నత పాఠశాలలో చరిత్ర బోధింతురు. మా తమ్ముడు ఇటలీలో ఉద్యోగము చేయుచుండుటచే వారి చిరకాల వాంఛ మొన్నటి వేసవి సెలవులలో నెరవేరినది. ప్రొద్దుననే రైలెక్కి, పిదప బస్సెక్కి, ద్రాక్షతోటల నడుమ చెర్వేతెరి చేరితిమి. ఈ యూరి ప్రాచీన నామము కైరె. పాత కైరె యను అర్థముగల లాటిను మాటలే నేడు చెర్వేతెరిగా మారినవి. రోము పల్లెగా నున్న కాలముననే ఇది ధనధాన్యసమృద్ధమైన పట్టణము. ఇచ్చటివారు ఎట్రుస్కనులు. రోమును తుదకు పాలించిన టార్క్విను రాజులు ఈ జాతివారే యని రోమనులే చెప్పుకొనిరి. రాజదండములు, దంతపు సింహాసనము, అధికారుల ఊదారంగు అంచుల వస్త్రములు, ఇవన్నియు ఎట్రుస్కనులయొద్ద నేర్చినవే యని వారి గ్రంథకర్తలు వ్రాసిరి.

ఊరి వెలుపలనున్న శ్మశానమును బందితాచ్చా యందురు. 2004లో ఐక్యరాజ్యసమితివారు దీనిని ప్రపంచ వారసత్వ స్థలములలో చేర్చిరి. అది మృతుల పట్టణము. నడుమ వీథులు, ఇరుప్రక్కల గడ్డి మొలచిన గుండ్రని దిబ్బలు. దిబ్బలోనికి మెట్లు దిగినచో మెత్తని రాతిలో తొలిచిన ఇల్లు! సావడి, గదులు, వాకిండ్లు, పైకప్పున దూలములు, ఒకచోట చేతులున్న కుర్చీలు, అన్నియు రాతిలో చెక్కినవే. ఎట్రుస్కనులు నివసించిన మట్టి యిండ్లు ఏనాడో నేలమట్టమైనవి. చచ్చినవారికి కట్టినవి మాత్రము నిలిచినవి.

ఒక సమాధిని అద్దము వెనుకనుండి చూడవలెను. దాని గోడలపైనను స్తంభములపైనను ఇంటి సామానంతయు ఉబ్బెత్తుగా తీర్చి రంగులు వేసిరి. కత్తులు, గొడ్డలి, త్రాళ్లు, పాత్రలు, మంచముపై తలగడలు, మంచము క్రింద ఒక జత చెప్పులు. మావారును తమ్ముడును డాలులను శిరస్త్రాణములను చూచుచుండగా, నాకు మేకులకు వ్రేలాడుచున్న గరిటెలను చూచి మా వంటయిల్లు జ్ఞప్తికి వచ్చినది.

నన్ను ఎక్కువగా నిలిపినది మరియొకటి. గదులలోని రాతి మంచములు రెండు విధములు. గుండ్రని కోళ్లతో చెక్కినవి పురుషులవి. ఇంటి కప్పువలె త్రికోణాకారపు అంచులు గలవి స్త్రీలవి. సమాధి ద్వారముల బయట పురుషునికి చిన్న రాతి స్తంభమును, స్త్రీకి చిన్న రాతి యింటిని గుర్తుగా నాటిరి. ఒక్కొక్క వాకిట నాలుగైదు కలవు. చదువురానివారికిని ఆ లోపల ఎందరు స్త్రీలున్నారో తెలియును. ఇల్లాలనగా ఇల్లేయని మనవారన్నమాట వీరికెట్లు తోచినదో!

ఈ శ్మశానముననే 1881లో సుమారు 400 ముక్కలుగా దొరికిన దంపతుల మట్టి ప్రతిమను ముందునాడు రోములోని విల్లా జూలియా వస్తుప్రదర్శనశాలలో చూచియుంటిమి. అది సుమారు 2,500 ఏండ్ల నాటిది. భార్యాభర్తలు విందు మంచముపై ఆనుకొనియున్నారు. ఆమె ముందు, అతడు వెనుక. అతని చేయి ఆమె భుజముపై నున్నది. ఆమె తలపై టోపీ, కాళ్లకు మొనతేరిన జోళ్లు. ఆమె చేతులు ఏదో పట్టుకొనియున్నట్లున్నవి, ఆ వస్తువులు పోయినవి. ఇరువురి పెదవులపై నగవు. ఈ విధముగా భర్త ప్రక్కనే భుజించుట ఎట్రుస్కను స్త్రీలకు ఆచారము. థియోపాంపసను గ్రీకు చరిత్రకారుడు దీనినే పెద్ద తప్పుగా నెంచి, వారిని సిగ్గులేనివారని దూషించెను. గ్రీకు గృహిణులు పురుషుల విందులలో కూర్చుండెడివారు కారు.

రోమను కథయు ఇట్టిదే. రాకుమారులు తమ భార్యల నడవడి చూడబోయిన రాత్రి, ఎట్రుస్కను రాజవంశపు కోడండ్రు విందులో నుండిరట, రోమను సాధ్వి లుక్రీషియా దీపము ముందు దాసీలతో ఉన్ని వడుకుచుండెనట. లుక్రీషియా కథ వినినప్పుడెల్ల నా కన్నులు చెమర్చును. అయినను ఆ కోడండ్రను గూర్చి చెప్పినవారు వారి శత్రువులే గదా! వారి నోటి మాట ఒక్కటియు మనకు మిగులలేదు.

మిగిలినవి పేర్లు. ఇందులకే నేనీ వ్యాసము వ్రాయ పూనితిని. రోమను కూతురికి వంశనామమే పేరు. కొర్నేలియుల ఇంట పుట్టినచో కొర్నేలియా. ఇరువురు పుట్టిన పెద్ద కొర్నేలియా, చిన్న కొర్నేలియా. ఇంకను పుట్టిన మూడవది! అగస్టసు చక్రవర్తి అక్కలిరువురును ఆక్టేవియాలే. ఎట్రుస్కను కూతురికో, లార్థి, వేలియా, రామ్థా అని తనదైన పేరుండెను. (రామ్థాకు మన రామునితో సంబంధమేమియు లేదు, నేనును మొదట ఉలికిపడితిని.) వారి సమాధి శాసనములు పలుచోట్ల తండ్రి పేరుతోపాటు తల్లి పేరును చెప్పును. గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పులుమావి అను మన శాతవాహనుల బిరుదములు నాకు తోచినవి. అయితే అవి తల్లి గోత్రమును తెలుపునవి, ఆమె సొంత పేరు గాదు. ఎట్రుస్కను స్త్రీల కంచు అద్దముల వెనుక దేవతల బొమ్మలును ప్రక్కన వారి పేర్లును చెక్కియుండును. చదువు రానివారికి ఆ వ్రాత యెందుకు?

ఇట్టివారు ఏమైరి? రోమునకు పొరుగుననున్న వేయి అను ఎట్రుస్కను పట్టణమును పదియేండ్లు ముట్టడించి, క్రీ.పూ. 396లో రోమనులు పట్టుకొని, ప్రజలను బానిసలుగా నమ్మిరని లివీ వ్రాసెను. కైరె కథ వేరు. అది రోమునకు మిత్రరాజ్యము. క్రీ.పూ. 390లో గాలులు రోముపై బడినప్పుడు, వెస్టా దేవి పూజారిణులు పవిత్ర వస్తువులను మోసికొని కాలినడకన పారిపోవుచుండిరట. త్రోవలో అల్బీనియసను సామాన్యుడు తన ఆలుబిడ్డలను బండినుండి దింపి, వారినెక్కించి కైరెకు చేర్చెను. కైరె ప్రజలు వారికి ఆశ్రయమిచ్చి కాపాడిరి. బండి దిగిన ఆ భార్య పేరు లివీ వ్రాయలేదు.

ఆ మేలునకు ప్రతిఫలము? నూరేండ్లు దాటిన పిమ్మట, క్రీ.పూ. 273 ప్రాంతమున, రోము కైరె భూమిలో సగము కాజేసెను. కైరె ప్రజలను పౌరులనిరి గాని, ఓటు హక్కీయలేదు. ఓటులేని పౌరుల పట్టికకు కైరె పట్టిక యని రోములో పేరైనది. తుదకు ఇటలీవారందరును రోమను పౌరులైరి. పౌరులైనవారు లాటిను మాటలాడిరి, లాటిను పేర్లు పెట్టుకొనిరి. రామ్థాల మనుమరాండ్రకు సొంత పేరు పోయినది. క్రీస్తుశకపు తొలినాళ్లకే ఆ భాష నశించినది. క్లాడియసు చక్రవర్తి మొదటి భార్య ఎట్రుస్కను మూలముగల కుటుంబమునందలిది. అతడు ఆ జాతి చరిత్రను 20 సంపుటములుగా వ్రాసెను. అదియు దొరకలేదు. లిపి గ్రీకునుండి వచ్చినదగుటచే నేటి పండితులు అక్షరములు చదువగలరు. పేర్లు తెలియును, తక్కిన మాటలలో అనేకములు తెలియవు.

సాయంకాలపు రైలులో మావారు తమ వంశమున ఏడు తరముల పురుషుల పేర్లు వరుసగా తమ్మునికి చెప్పుచుండిరి. నేను మా అమ్మ, అమ్మమ్మ అని వ్రేళ్లు మడచి, మూడవ వ్రేలియొద్ద ఆగితిని. ఆ రాత్రి ఫోనులో అమ్మనడిగితిని. ఆమె కొంతతడవు ఆలోచించి, "ఏమోనమ్మా, ఊరందరును బామ్మగారు అనెడివారు" అనెను.