కోటప్పకొండ చిత్రించిన వేకువ

గత వేసవి సెలవులలో రాజమహేంద్రవరమునందు దామెర్ల రామారావుగారి చిత్రశాలను దర్శించితిమి. 1897లో జన్మించి 1925లోనే అస్తమించిన ఆ చిత్రకారుడు 1923లో అచ్చట చిత్రకళాశాలను నెలకొల్పిరి. ఆయన సతీమణి సత్యవాణిగారును, సోదరి బుచ్చికృష్ణమ్మగారును కుంచె పట్టినవారే యని విని నాకును ధైర్యము కలిగెను.

నరసరావుపేటకు మరలిన పిదప నీటిరంగులు తెప్పించుకొని, పొయ్యి ముట్టించుటకు ముందు అరగంటసేపు ఊరి వెలుపలి పొలముగట్టున కూర్చుండి కోటప్పకొండను వ్రాయ మొదలిడితిని. బ్రహ్మ, విష్ణు, రుద్ర శిఖరములను మూడింటిని నల్లగా దిద్ది, ముందరి వేపకును చింతకును ఆకాకును ముదురుపచ్చతో నింపితిని.

మా అత్తగారు ఏటేట శివరాత్రికి కొండ యెక్కెడివారు. మోకాళ్ళ నొప్పిచే రెండేండ్లుగా ఇంటినుండియే నమస్కరించుచున్నారు. ఆమె నా చిత్రమును చాలసేపు చూచి, "అమ్మాయీ, చెట్లన్నీ లెక్కపెట్టావు గాని, ఇందులో ఇంకా తెల్లవారలేదే!" అనిరి.

నాకు చిన్నతనమైనను, మరునాడు కన్నులు సగము మూసి చూచితిని. కొండ నల్లగా లేదు. బూడిదవన్నె కలసిన లేతనీలము. నడుమనున్న గాలి వెలుగును చెదరజేయుటచే దూరపు వస్తువులు పాలిపోయి నీలముగా కన్పట్టును. కొండ యడుగు మంచులో కరగిపోయినది. చెట్లకు ఆకులు లేవు, గుబురులే యున్నవి.

అంతట కాగితమును తడిపి, ఆకాశమునకు పలుచని రంగు పూసితిని. తడి యారకమునుపే కొండను వ్రాసి, దాని యడుగును వట్టి నీటికుంచెతో చెరపితిని. పూర్తిగా ఆరినపిదపనే దగ్గరి చెట్లను ముదురుగా వేసితిని. నీటిరంగులలో లేతనుండి ముదురునకు పోవలెను. ముదురైన దానిని మరల లేత చేయుట కష్టము. వెలుగునకు వేరే రంగు లేదు. కాగితపు తెలుపును ముట్టక విడుచుటయే వెలుగు. ఈ చిన్నమాట తెలియుటకు మూడు కాగితములు పాడైనవి.

నాల్గవదానిని చూచి అత్తగారేమియు అనలేదు, చేతులు జోడించిరి. అది యిప్పుడు దేవునిగూటి ప్రక్కన నున్నది. తిరునాళ్ళకు ప్రభలు కదలివచ్చు వేళను గూడ వ్రాయుమని అడుగుచున్నారు. అంత సందడిని ఎట్లు వ్రాయవలెనో నేనింకను నేర్వలేదు. శివరాత్రికి వ్యవధి యున్నది.