అసాకుసాలో ఒక దినము

టోక్యో మహానగరమును ఒక్క దినములో చూడబూనుట చెంబుతో చెరువు తోడుటయే యగును. అందుచే నేనును నా భార్యయు అసాకుసా యను పాతపేటను మాత్రమే తనివితీర చూడ నిశ్చయించితిమి.

సెన్సోజీ ఆలయమునకు పోవు దారి కిరువైపుల అంగళ్లే. విసనకఱ్ఱలు, బొమ్మలు, బియ్యపుపిండి అప్పచ్చులు! నా భార్య ప్రతి యంగడి యొద్దను ఆగెను. 628వ సంవత్సరమున ఇద్దరు జాలరి సోదరులకు సుమిదా నదిలో దొరకిన విగ్రహమే ఇచ్చటి కన్నోన్ దేవత యని స్థలపురాణము. మన బౌద్ధుల అవలోకితేశ్వరుడే ఈ కన్నోన్. ముంగిట పెద్ద పాత్రలో అగరువత్తులు వెలుగుచుండ, జనులు ఆ పొగను చేతులతో తలపైకి త్రిప్పుకొనుచున్నారు.

"హారతి కళ్ళకద్దుకొన్నట్లే ఉందండీ!" అనుచు ఆమెయు అట్లే చేసెను.

ఆలయము పురాతనమైనను కట్టడము క్రొత్తది. 1945 మార్చి 10వ తేదీ రాత్రి అమెరికా విమానములు కురిపించిన నిప్పుబాంబులకు ఈ ప్రాంతమెల్ల దగ్ధమయ్యెను. ఆ ఒక్కరాత్రి మడిసినవారు దాదాపు లక్షమంది. భస్మమైన ప్రధానాలయమును 1958లో కాంక్రీటుతో పునర్నిర్మించిరి.

ఆవరణలో ఒక గింకో వృక్షము కలదు. నాటి మంటలకు కాలిన మ్రాను నేటికిని నల్లగనే యున్నది. కొమ్మలనిండ పచ్చని యాకులు. నా భార్య చేతిసంచి నాకిచ్చి, దాని యెదుట చాలసేపు నిలిచెను. ఆపై అంగళ్ల వంక చూడలేదు.

634 మీటర్ల స్కైట్రీ గోపురము నెక్కవలెనని ఉదయ మనుకొంటిమి. "రేపు చూద్దాములెండి" అనెను. నదిపై కొతొతోయి వంతెనకు నడచితిమి. ఆ రాత్రి ఇరుగట్లనుండి పరుగెత్తివచ్చిన జనము ఈ వంతెనపైననే చిక్కుపడి మంటల పాలయ్యెను. మేము నిలిచియుండగా బడిపిల్లలు కొందరు సైకిళ్లపై నవ్వుచు మమ్ము దాటిపోయిరి.