లింబాయత్‌లో మూడు యంత్రాలు

సూరత్ లింబాయత్‌లో రాత్రయినా సాంచాల (మరమగ్గాల) మోత ఆగదు. మనుషులు మారతారు, అంతే. పన్నెండు గంటల పాళీ దిగి వచ్చిన బాపు చాప మీద బోర్లా పడుకుంటే, కొడుకు ఆయన నడుముకు నాలుగు జిగురు ప్యాడ్లు అంటిస్తాడు. మీట కాస్త తిప్పగానే "చీమలు పాకుతున్నయ్ రా" అంటాడు బాపు. ఇరవై నిమిషాలకు కునుకు పడుతుంది.

బతుకుదెరువు కోసం తెలంగాణ పల్లెల నుంచి వచ్చిన పద్మశాలీలు ఇక్కడ తరాలుగా ఉన్నారు. వాళ్ల పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు బడులు నడుపుతోంది. ఈ కొడుకు అక్షరాలు దిద్దుకున్నదీ అక్కడే. సాంచె మీద మీటరు లెక్కన కూలి. పోగు తెగితే వంగాలి, కండె అయిపోతే మళ్లీ వంగాలి. ఒక్కడే నాలుగైదు సాంచాలు చూసుకుంటూ రోజంతా నిలబడాలి. నొప్పి తగ్గిస్తానని ఎవరు ఏ యంత్రం తెచ్చినా ఆ గల్లీలో కొనేవాళ్లుంటారు.

బాపు ఇంట్లోకి అలా మూడు చేరాయి.

నడుముకు పెట్టేది టెన్స్ అనే యంత్రం. దెబ్బ తగిలిన మోకాలిని చేత్తో రుద్దుకుంటే నొప్పి తగ్గినట్టు అనిపిస్తుంది కదా, దీని కిటుకూ అదే. స్పర్శ కబురు ముందు చేరితే వెన్నుపాములో నొప్పి కబురుకు దారి సన్నబడుతుందని 1965లో మెల్జాక్, వాల్ ప్రతిపాదించారు. సెకనుకు 80 నుంచి 100 సార్లు కొట్టే సన్నని కరెంటు ఆ రుద్దుడు పని చేస్తుంది. రోజూ ఒకే తీరుగా వాడితే ఒంటికి అలవాటైపోయి పట్టు తగ్గుతుంది. అందుకే కొడుకు వేగాన్ని మారుస్తుంటాడు. నడుం నొప్పికి దీన్ని సూచించవద్దని 2016లో బ్రిటన్ వైద్య మార్గదర్శక సంస్థ నైస్ వైద్యులకు చెప్పింది. ఆ సంగతి చదివాక కూడా అతను దాన్ని పారేయలేదు. బాపుకు ఆ రాత్రికి నిద్ర పడుతోంది, అది చాలా విలువైనది. జబ్బు నయమవుతోందని మాత్రం ఆయనకు ఎన్నడూ చెప్పలేదు. పక్కింటాయన అడిగితే మాత్రం ఇవ్వలేదు. ఆయన గుండెకు పేస్‌మేకర్ ఉంది, దానికి ఈ కరెంటు పడదు.

రెండోది పాదాలు పెట్టుకునే పలక. ఇది కండరాన్నే బిగించి వదులుతుంది. పొద్దంతా నిలబడి అలసిన పిక్కలను ఇంకా అలసిపోయేలా చేసింది. వారానికే అటక ఎక్కింది.

మూడోది గుర్తొస్తే ఇప్పటికీ అతని గొంతు మారుతుంది. రెండు చేతుల్లో రాగి గొట్టాలు పట్టుకుని కూర్చునే పెట్టె అది. కడుపులో పురుగుల నుంచి షుగరు దాకా అన్నీ పోతాయని ఒక ఉచిత శిబిరంలో అంటగట్టారు. ఇలాంటి పెట్టెకు జాపర్ అని పేరు పెట్టి ప్రచారం చేసిన హుల్డా క్లార్క్, 1993లో అన్ని కేన్సర్లకూ మందు చెబుతూ పుస్తకం రాసింది. 2009లో మల్టిపుల్ మైలోమా అనే కేన్సర్‌తోనే చనిపోయింది. అది తెలియని అమ్మ, గొట్టాలను నమ్మి మూడు వారాలు షుగరు గోలీలు మానేసింది. కళ్లు తిరిగి వంటింట్లో పడిపోయిన రోజు పరీక్షలో షుగరు 400 దాటింది. కరెంటు ఆమెను ఏమీ చేయలేదు. మానేసిన గోలీలే చేశాయి. ఆ మాట ఆ గల్లీలో ఎవరు యంత్రం కొనబోయినా అతను వెళ్లి చెబుతాడు.

ఆ తర్వాత బాపును ఫిజియోథెరపిస్టు దగ్గరకు తీసుకెళ్లాడు. ఆమె యంత్రం సంగతి తర్వాత అడిగింది. ముందు సాంచె దగ్గర ఎలా నిలబడతారో నిలబడి చూపించమంది. రెండు వ్యాయామాలు నేర్పి, ఒక పాదం కాస్త ఎత్తులో పెట్టుకునేలా ఏదైనా వేసుకొమ్మంది. మరునాడు కొడుకు పాత చెక్క ముక్క ఒకటి కార్ఖానాకు పట్టుకెళ్లాడు.

ఇప్పుడు బాపు సాంచె కింద అది ఉంది. ఓ కాలు ఎక్కించి, కాసేపటికి రెండోది మార్చి నిలబడుతున్నాడు. పక్క సాంచె ఆయన కూడా అలాంటి ముక్క ఒకటి వెతికి తెచ్చుకున్నాడు.