తుప్పు పట్టిన కత్తిపీట

దర్పణంపై ధూళి బయటినుండి వచ్చి పడుతుంది. ఇనుముపై తుప్పు అటువంటిది కాదు. అది ఇనుమే, తన రూపాన్ని కోల్పోయిన ఇనుము. ఈ భేదం స్వల్పంగా కనిపించినా, చిత్తమాలిన్యాన్ని గురించి విచారించే సాధకునికి ఉపేక్షణీయం కాదు. దోమకొండలోని ఒక ఇంట జరిగిన చిన్న సంఘటన దీనిని తేటపరుస్తుంది.

కార్తిక సోమవారం నాడు గడికోటలోని మహాదేవుని దర్శనార్థం ఆ ఇంటి పెద్దకుమారుడు రెండేళ్ల తరువాత స్వగ్రామానికి వచ్చాడు. పొలం పంపకాల వేళ తమ్మునితో మాటామాటా పెరిగింది. తల్లి చిన్నవాని పక్షం వహించిందన్న రోషం అతని మనస్సులో నిలిచిపోయింది. తరువాత తమ్ముడు బతుకుదెరువుకై గల్ఫుకు వెళ్లాడు; ఇంట తల్లి ఒక్కతే మిగిలింది. దర్శనానంతరం అతడు తాను తెచ్చిన బీరకాయలు ఆమె ముందుంచి, వంటింటి మూలనున్న కత్తిపీటను తీశాడు. అలుగు మొత్తం ఎర్రబారి ఉంది.

"ఇదేందమ్మా, ఇట్లయింది?"

"ఒక్కదానికి కూరలెందుకు బిడ్డా? తొక్కుతోని తింటున్న."

ఆమె ఫిర్యాదు చేయలేదు. అయినా రెండేళ్లుగా ఆ వంటింట ఏమి జరగలేదో ఆ ఎరుపే చెప్పింది. అతని గొంతు పట్టుకుపోయింది. ఆ బాధను కప్పిపుచ్చుకొనడానికే, కామారెడ్డిలో కొత్త స్టీలు కత్తి కొనుక్కొస్తానన్నాడు.

"పారెయ్యకు. మీ నాయిన కమ్మరోళ్లతోని కొట్టిపిచ్చిండు. చింతపండు నానవెయ్యి" అన్నది తల్లి.

ఇనుము, నీరు, గాలిలోని ప్రాణవాయువు కలిసినప్పుడు తుప్పు పుడుతుంది. ఖనిజంగా భూగర్భంలో ఉన్నప్పుడు కూడా ఇనుము సాధారణంగా ప్రాణవాయువుతో కూడిన ఎర్రని మన్నే. అగ్నిలో కరిగి, సుత్తిదెబ్బలు తిని లోహమైనది, ఆదరణ తప్పగానే తిరిగి మన్ను కాజూస్తుంది. స్టీలు కత్తికి దానిలోని క్రోమియం సన్నని రక్షణపొరను తనంతట ఏర్పరుస్తుంది. కమ్మరి కొలిమిలో పుట్టిన అలుగుకు ఆ కవచం లేదు. ఉత్తర తెలంగాణకు ఇనుము కొత్తది కాదు. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసలలో కరిగించిన ఉక్కు కోసం ఒకప్పుడు పారశీక వర్తకులు వచ్చేవారు. అంతటి ఉక్కునైనా తడి తుడవక విడిచిపెడితే తుప్పు విడువదు.

నానిన చింతపండు గుజ్జులో కల్లుప్పు కలిపి అతడు అలుగుకు పట్టించాడు. చింతపండులోని ఆమ్లం తుప్పును కరిగించి వదులు చేస్తుంది. అరగంట గడిచాక, పదును వైపు చేయి పోకుండా, వీపు నుండి అంచు వైపుకు కొబ్బరిపీచుతో రుద్దాడు. మొండి మరకలకు మెత్తని ఇటుకపొడి వాడాడు. రాత్రంతా అట్లే ఉంచితే ఇంకా బాగా పోతుందేమోనని అడిగాడు. "వద్దు, మంచి ఇనుమును గూడ తింటది" అని తల్లి వారించింది. ఆమ్లానికి తుప్పు, ఇనుము అన్న వివక్ష లేదు. మితం తప్పిన తపస్సు దోషంతోపాటు దేహాన్నీ మనస్సునూ దహించడం కూడా ఇటువంటిదే.

కడిగిన తరువాత అతడు కత్తిపీటను పక్కన పెట్టబోగా, తల్లి కొంగుతో వెంటనే తుడిచి, పొయ్యి వేడికి కాసేపు చూపి, కొబ్బరినూనె పలుచగా పూసింది. అప్పుడే తేటపడిన ఇనుము తడి తగిలితే త్వరగా తిరిగి ఎర్రబారుతుంది. సాధకునికి ఇది మిక్కిలి అవసరమైన హెచ్చరిక. వ్రతం ముగిసిన మరునాడు, తీర్థయాత్ర నుండి మరలిన దినాన, కోపాన్ని జయించానని తలచిన క్షణాన ఎక్కువ జాగరూకత కావాలి. శుద్ధితో పని పూర్తి కాదు. ఆ శుద్ధిని కాపాడే నిత్యాభ్యాసమనే స్నేహం పూతగా ఉండాలి. సంస్కృతంలో స్నేహమంటే నూనె అనీ, ప్రేమ అనీ రెండర్థాలున్నాయి.

ఎరుపు పోయింది గాని, అలుగుపై సన్నని గుంటలు మిగిలాయి. తుప్పుగా రాలిన ఇనుము తిరిగి రాదు. భగవద్గీత మూడవ అధ్యాయం 38వ శ్లోకం జ్ఞానాన్ని కామం ఆవరించడాన్ని పొగ, ధూళి, గర్భకోశం అనే మూడు ఉపమానాలతో చెబుతుంది. మూడింటిలోనూ కప్పబడిన వస్తువుకు క్షయం లేదు; తుప్పు ఉపమానం ఆత్మకు చెల్లదు. మనం గడిపే కాలానికి, మన బంధాలకు మాత్రం అక్షరాలా చెల్లుతుంది. తల్లి ఒంటరిగా తొక్కుతో తిన్న రెండేళ్లను ఏ చింతపండూ తిరిగి తేలేదు. అయితే పదును ఇంకా ఉంది.

తల్లి పీటపై కూర్చుండి బీరకాయ తరిగింది. చక్రాలు సమంగా పడ్డాయి. సాయంకాలం కామారెడ్డి బస్సుకు వెళ్లవలసిన కుమారుడు ఆ రాత్రి అక్కడే ఉండిపోయాడు. భోజనానంతరం తమ్మునికి ఫోన్ చేసి, "అమ్మ బీరకాయ కూర చేసింది" అని మాత్రం చెప్పాడు. అవతల కొంతసేపు నిశ్శబ్దం. తరువాత, "ఎట్లున్నవన్నా?" అన్న మాట వినబడింది.

ఆ మాటలు సాగుతుండగా తల్లి కత్తిపీటను తుడిచి, నూనె రాసి, మూలకు ఆనించింది.